కెర్బల్‌లో ఏ దశకు ఏ ఇంజిన్? థంపర్, రిలయంట్, స్వివెల్, టెరియర్, నెర్వ్‌ల మధ్య ఎంపిక

రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ గేమ్ కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆడటం మొదలుపెట్టిన కొత్తలో ఇంజిన్ల జాబితా తెరిచి, ఐఎస్‌పీ అంకె, అంటే ఇంజిన్ మైలేజీ, దేనికి ఎక్కువ ఉందో వెతికాను. నాకు అప్పటికి దొరికినవాటిలో టెరియర్‌కి ఎక్కువ ఉంది, 345. ధర చూస్తే 390. ఇంత మంచిది ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారో అని కూడా ఆలోచించకుండా, దాని మీద ట్యాంకు, ట్యాంకు మీద క్యాప్స్యూల్ పెట్టి లాంచ్ ప్యాడ్ మీద నిలబెట్టి స్పేస్ బార్ నొక్కాను. మంట వచ్చింది, చప్పుడు వచ్చింది, రాకెట్ మాత్రం అంగుళం కదల్లేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఉన్నచోటే మండి ఆరిపోయింది. లోపల కూర్చున్న జెబ్, గేమ్‌లోని వ్యోమగామి, నవ్వుతూనే ఉన్నాడు.

ఇంజిన్ తప్పేం లేదు. గాలి లేని చోట టెరియర్ 60 కిలోన్యూటన్ల బలంతో నెడుతుంది. అదే నేల దగ్గర 15 కూడా రాదు. ఆ కాస్త బలంతో ఒకటిన్నర టన్నులు లేపడమే గగనం, నా రాకెట్ నాలుగు టన్నుల పైమాటే.

అందుకే "ఏ ఇంజిన్ మంచిది?" అని అడిగితే జవాబు ఉండదు. ఎక్కడ మండాలి, పైన ఎంత బరువుంది అన్నవి తెలిస్తేనే ఎంపిక మొదలవుతుంది. కింద ఇచ్చిన అంకెలన్నీ మొదటి కెర్బల్ గేమ్‌వి, మాడ్‌లేమీ (ఆడేవాళ్లు గేమ్‌కి చేసే సొంత మార్పులు) కలపకుండా. రెండో గేమ్ ఆడేవాళ్లకి సూత్రం ఇదే, అంకెలు మాత్రం అక్కడే చూసుకోవాలి.

ముందు ఏం చూడాలి

బండి కొనేటప్పుడు మనవాళ్లు రెండు అడుగుతారు: పికప్ ఎలా ఉంది, మైలేజీ ఎంత ఇస్తుంది. రాకెట్‌కీ అవే. కాకపోతే ఇక్కడ మూడోది ఒకటుంది, ఇంజిన్ సొంత బరువు. కొత్తవాళ్లు పొరపాటు పడేది దాదాపు ఎప్పుడూ ఈ మూడో దాని దగ్గరే.

పికప్ అంటే థ్రస్ట్‌ని, అంటే ఇంజిన్ నెట్టే బలాన్ని, రాకెట్ మొత్తం బరువుతో భాగిస్తే వచ్చే అంకె. ఆడేవాళ్లు టీడబ్ల్యూఆర్ అంటారు. అది 1 కంటే తక్కువైతే నా టెరియర్ గతే. ప్యాడ్ మీద 1.3 నుంచి 1.8 మధ్య ఉంటే హాయిగా లేస్తుంది. 1.2కి తగ్గితే ఇంధనంలో ఎక్కువ భాగం కింద పడకుండా ఆపుకోవడానికే ఖర్చవుతుంది. 2 దాటితే చిక్కటి గాలిలోనే వేగం పెరిగిపోయి, ఆ గాలిని చీల్చడానికి ఇంధనం తగలేస్తారు. పైగా అవసరానికి మించిన ఇంజిన్ బరువు మోస్తున్నట్టు కూడా.

మైలేజీ అంటే ఐఎస్‌పీ. ప్రతి ఇంజిన్‌కీ ఇవి రెండుంటాయి, నేల దగ్గర ఒకటి, శూన్యంలో ఒకటి. బయటి గాలి ఒత్తిడి నాజిల్ (మంట బయటికొచ్చే గొట్టం) నుంచి వచ్చే వాయువులకి ఎదురు నిలుస్తుంది కాబట్టి నేల దగ్గర ప్రతి ఇంజిన్ కొంత నష్టపోతుంది. శూన్యం కోసమే చేసిన ఇంజిన్ ఘోరంగా నష్టపోతుంది.

ఈ మైలేజీ, బరువులు కలిస్తే వచ్చేదే డెల్టా-వీ, అంటే రాకెట్ మొత్తంగా ఎంత వేగం మార్చుకోగలదన్న లెక్క. 1903లో సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన సూత్రమే గేమ్ లోపలా నడుస్తుంది: ఐఎస్‌పీని 9.81తో గుణించి, ఇంధనం నిండుగా ఉన్నప్పటి బరువుని ఖాళీ అయ్యాక ఉండే బరువుతో భాగించి, ఆ భాగఫలానికి సహజ లాగరిథమ్ తీసి, దాంతో మళ్లీ గుణించాలి. లాగరిథమ్ ఉండటం వల్లే ఇంధనం రెట్టింపు చేస్తే డెల్టా-వీ రెట్టింపు కాదు. ఖాళీ బరువులో ఇంజిన్ బరువు కూడా కలుస్తుందని ఇక్కడే గుర్తుంచుకోండి, నెర్వ్ దగ్గరికి వచ్చేసరికి ఇదే కొంప ముంచుతుంది.

గేమ్‌లో మన భూమి లాంటి గ్రహం కెర్బిన్. దాని చుట్టూ 80 కిలోమీటర్ల ఎత్తులో తిరగడానికి కావలసిన వేగం సెకనుకు సుమారు 2,280 మీటర్లు. కానీ అక్కడికి చేరడానికి 3,400 దాకా ఖర్చవుతుంది. పైకెక్కడానికి, గాలికి, గురుత్వాకర్షణతో పోరాటానికి తేడా అంతా పోతుంది.

ఇక నాజిల్ తిరుగుతుందా లేదా అన్నది, డబ్బు సంపాదించుకుంటూ ఆడే కెరీర్ మోడ్ వాళ్లకి ధర. ఇవి రెండూ తర్వాతి సంగతులు.

| ఇంజిన్ | బరువు (టన్నులు) | థ్రస్ట్, నేల దగ్గర / శూన్యంలో (కిలోన్యూటన్లు) | ఐఎస్‌పీ, నేల దగ్గర / శూన్యంలో | నాజిల్ తిరుగుతుందా | ధర |
|---|---|---|---|---|---|
| థంపర్ | 7.65 (ఖాళీగా 1.5) | 250 / 300 | 175 / 210 | లేదు | 850 |
| రిలయంట్ | 1.25 | 205 / 240 | 265 / 310 | లేదు | 1,100 |
| స్వివెల్ | 1.5 | 168 / 215 | 250 / 320 | 3 డిగ్రీలు | 1,200 |
| టెరియర్ | 0.5 | 15 / 60 | 85 / 345 | 4 డిగ్రీలు | 390 |
| నెర్వ్ | 3.0 | 14 / 60 | 185 / 800 | లేదు | 10,000 |

థంపర్ ఘన ఇంధనం బూస్టర్, దాని ధరలో ఇంధనం కూడా కలిసే ఉంది. మిగతావాటికి ట్యాంకులు వేరేగా కొనాలి.

పైనుంచి మొదలుపెట్టండి: రెండో దశ

దశ అంటే సొంత ఇంజిన్, ట్యాంకు ఉన్న రాకెట్ ముక్క. ఇంధనం అయిపోగానే కిందిది విడిపోతుంది, పైది వెలుగుతుంది. రాకెట్‌ని కింద నుంచి కట్టుకుంటూ పోకూడదు. పైన ఎంత బరువుందో తెలియకుండా కింది ఇంజిన్ ఎంచుకోలేం. క్యాప్స్యూల్, పారాచూట్, హీట్ షీల్డ్, విడిపోయే రింగులు, చిన్నాచితకా కలిపి 1.5 టన్నులు అనుకుందాం. దాని కింద 2 టన్నుల ఇంధనం పట్టే ట్యాంకు, అంటే నిండుగా 2.25, ఖాళీగా 0.25 టన్నులది. ద్రవ ఇంధనం ఇంజిన్లకి ఎఫ్ఎల్-టీ400, నెర్వ్‌కి మార్క్ 1 ఫ్యూజలాజ్ సరిగ్గా ఈ బరువులే తూగుతాయి. ఇంజిన్ మాత్రం మారుస్తూ శూన్యంలో లెక్క వేస్తే:

| ఇంజిన్ | మొత్తం బరువు (టన్నులు) | డెల్టా-వీ (మీ/సె) |
|---|---|---|
| టెరియర్ | 4.25 | 2,150 |
| రిలయంట్ | 5.0 | 1,550 |
| స్వివెల్ | 5.25 | 1,505 |
| నెర్వ్ | 6.75 | 2,760 |

రిలయంట్, స్వివెల్ వరసలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మైలేజీ స్వివెల్‌ది ఎక్కువ, 320కి 310. అయినా రిలయంట్ ముందుంది. పావు టన్ను తేలిక కావడమే కారణం. చిన్న రాకెట్‌లో పావు టన్ను ఐఎస్‌పీలో పది పాయింట్ల కంటే విలువైనది.

నేనైతే ఇక్కడ టెరియర్ తప్ప ఇంకోటి పెట్టను. 4.25 టన్నుల మీద దాని టీడబ్ల్యూఆర్ 1.4 పైనే, పై దశకి అది కావలసిన దానికంటే ఎక్కువ. కెర్బిన్ గాలి 70 కిలోమీటర్ల దాకా ఉన్నా, 20 దాటాక చాలా పలచబడిపోతుంది. ప్యాడ్ మీద చేతులెత్తేసిన టెరియర్ అక్కడ దాదాపు పూర్తి బలంతో మండుతుంది. మరో లాభం, అది పొట్టి. కెర్బిన్ చందమామ మన్ మీద దించే ల్యాండర్ అడుగున పెడితే కాళ్లకి అడ్డు రాదు. మన్ గురుత్వాకర్షణ 1.63 మాత్రమే కాబట్టి ప్యాడ్ మీద నాలుగు టన్నులు లేపలేని ఇదే ఇంజిన్ అక్కడ 30 టన్నుల్ని కూడా లేపుతుంది.

మరి నెర్వ్?

పట్టిక చూసి 2,760 అంకె దగ్గర కళ్లు మెరిసి ఉంటాయి. నాకూ మెరిశాయి. అణు ఇంజిన్, 800 మైలేజీ, పేరు చెబితేనే గొప్పగా ఉంటుంది. కానీ ఆ పట్టికలో సమానంగా ఉంచింది ఇంధనాన్ని, బరువుని కాదు. కింది దశ మోయాల్సింది బరువుని.

కాబట్టి బరువు సమానం చేసి చూద్దాం. టెరియర్‌కి 2 టన్నులకి బదులు 4 టన్నుల ఇంధనం ఇస్తే పై దశ 6.5 టన్నులు అవుతుంది, నెర్వ్ దశ కంటే ఇంకా పావు టన్ను తక్కువే. అప్పుడు టెరియర్ డెల్టా-వీ 3,230. నెర్వ్‌ది అదే 2,760. పదివేలు పోసి కొన్న ఇంజిన్‌ని 390 ఇంజిన్ ఓడించింది! ఎందుకంటే నెర్వ్ తనే 3 టన్నులు. ఒకటిన్నర టన్నుల సరుకు మోయడానికి మూడు టన్నుల ఇంజిన్, అంటే కొబ్బరి బొండాం తేవడానికి లారీ కట్టించుకున్నట్టు.

సరుకు పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది. 10 టన్నుల సరుకు, మొత్తం ఓడ 30 టన్నులు అనుకోండి. టెరియర్‌తో సుమారు 2,900 వస్తే నెర్వ్‌తో 5,500 వస్తుంది. డునా లాంటి దూరపు గ్రహాలకి, తిరుగు ప్రయాణానికి కూడా ఇంధనం మోసుకెళ్లే ఓడలకి నెర్వ్‌ని మించింది లేదు. ఒక జాగ్రత్త, దానికి ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఇచ్చే పదార్థం) అక్కర్లేదు. మామూలు రాకెట్ ట్యాంకు తగిలిస్తే అందులో ఆక్సిడైజర్ మొత్తం దండగ బరువుగా మిగిలిపోతుంది. విమానాల ట్యాంకులే వాడాలి.

30 టన్నుల ఓడ మీద నెర్వ్ టీడబ్ల్యూఆర్ 0.2. కక్ష్యలో ఉన్నాక కింద పడిపోతామన్న టెన్షన్ లేదు కాబట్టి ఇది ప్రమాదమేమీ కాదు, ఓపిక ఉండాలంతే. ఒకేసారి పది నిమిషాలు మండిస్తే ఓడ కెర్బిన్‌కి దగ్గరగా ఉండే చోటు దాటిపోతుంది, ఆ చోట మండిస్తేనే ఇంధనానికి ఎక్కువ ఫలితం. అందుకే నాలుగైదు చుట్లలో, ప్రతిసారీ దగ్గరి బిందువు దగ్గర కాసేపు మండించి కక్ష్యని సాగదీయాలి. చంద్రయాన్-3 చేసింది ఇదే. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరాక, దానికున్న చిన్న ఇంజిన్‌తో భూమి చుట్టూ అయిదు విడతల్లో కక్ష్య పెంచుకుని ఆగస్టు మొదట్లో చంద్రుడి దారి పట్టింది. "అపోలో మూడు రోజుల్లో వెళ్లింది, మనకి నెల పైన ఎందుకు?" అని అప్పట్లో మా ఇంట్లో వచ్చిన ప్రశ్నకి జవాబు నాకు ఈ గేమ్ ఆడితేనే ఒంటబట్టింది.

ఐఎస్‌పీ 4,200 ఉన్న డాన్ అయాన్ ఇంజిన్ కూడా ఉంది కానీ దాని థ్రస్ట్ 2 కిలోన్యూటన్లే. చిన్న ప్రోబ్‌లకి తప్ప మనుషులున్న ఓడకి పెట్టుకుని ఎదురుచూసే ఓపిక నాకైతే లేదు.

కింది దశ: అసలు తగువు ఇక్కడే

పైన టెరియర్ దశ, విడిపోయే రింగు కలిపి 4.3 టన్నులు. దీన్ని లేపడానికి ముగ్గురు పోటీ.

థంపర్ పెడితే మొత్తం 11.95 టన్నులు. ప్యాడ్ మీద టీడబ్ల్యూఆర్ 2.1. డెల్టా-వీ 1,240కి, 1,490కి మధ్య ఎక్కడో వస్తుంది, మొదట నేల దగ్గర మండి పోనుపోనూ పలచటి గాలిలోకి వెళ్తుంది కాబట్టి. టెరియర్ 2,150తో కలిపితే 3,400కి అటూ ఇటూ. అంటే చాలీచాలని లెక్క, చేయి తిరిగినవాళ్లయితే కక్ష్యలో పెడతారు, కొత్తవాళ్లు సముద్రంలో పెడతారు. పైగా ఒకసారి వెలిగిస్తే ఆర్పే వీల్లేదు. 42 సెకన్లలో మండిపోతుంది. చివరికొచ్చేసరికి బరువు సగానికి తగ్గి టీడబ్ల్యూఆర్ 5 దాటుతుంది. కట్టేటప్పుడే థ్రస్ట్ లిమిటర్‌ని 70 శాతానికి దించితే 60 సెకన్లు నింపాదిగా మండుతుంది, ప్యాడ్ మీద టీడబ్ల్యూఆర్ 1.5 అవుతుంది. ఇంధనం తగ్గదు, తొందర తగ్గుతుంది. థంపర్ వాడేవాళ్లలో సగం మంది ఈ మీట జోలికే పోరు.

రిలయంట్‌ని 6 టన్నుల ఇంధనంతో పెడితే మొత్తం 12.3 టన్నులు. టీడబ్ల్యూఆర్ 1.7. డెల్టా-వీ 1,740 నుంచి 2,035. స్వివెల్‌ని అదే ఇంధనంతో పెడితే 12.55 టన్నులు, టీడబ్ల్యూఆర్ 1.36, డెల్టా-వీ 1,595 నుంచి 2,040. గాలి పైన రెండూ ఒకటే, నేల దగ్గర రిలయంట్‌ది పైచేయి.

టీడబ్ల్యూఆర్‌లో తేడా చూడ్డానికి చిన్నదే కానీ దాని అర్థం పెద్దది. నిట్టనిలువుగా లేస్తున్నప్పుడు స్వివెల్ బలంలో 73 శాతం బరువుని ఆపడానికే పోతుంది, పైకి నెట్టేది మిగిలిన 27. రిలయంట్‌కి మిగిలేది 41. అందుకే మొదటి పది సెకన్లలో స్వివెల్ రాకెట్ నీళ్ల బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నెమ్మదిగా కదులుతుంది.

అయినా మొదటిసారి కక్ష్యకి వెళ్లేవాళ్లకి నా ఓటు స్వివెల్‌కే. రిలయంట్ నాజిల్ తిరగదు. రాకెట్ కొంచెం పక్కకి ఒరిగిందంటే క్యాప్స్యూల్‌లోని రియాక్షన్ వీల్ (తను తిరుగుతూ రాకెట్‌ని తిప్పే చక్రం), తోక రెక్కలు తప్ప దిక్కు లేదు. స్వివెల్ నాజిల్ 3 డిగ్రీలు వంచి తనే సర్దుకుంటుంది. సెకనుకు 100 మీటర్ల వేగం దగ్గర అయిదు పది డిగ్రీలు వంచడం మొదలుపెట్టి, 10 కిలోమీటర్ల ఎత్తుకి 45 డిగ్రీలకి రావాలి. ఈ మలుపులోనే రిలయంట్ రాకెట్లు పల్టీ కొడతాయి.

పల్టీ సంగతి ఎత్తాం కాబట్టి ఒక మాట. బాణానికి ఈకలు తోకన ఎందుకుంటాయో రాకెట్‌కి రెక్కలు అక్కడే అందుకే ఉండాలి. బరువు ముందు, గాలి ఒత్తిడి వెనక. కట్టే షెడ్డులో పసుపు బంతి బరువు కేంద్రం, నీలం బంతి గాలి పట్టే కేంద్రం. నీలం కిందుండాలి. రిలయంట్ ఎంచుకుంటే అడుగున కదిలే రెక్కలు, ఏవీ-ఆర్8 లాంటివి, నాలుగు పెట్టండి. కొందరు అందంగా ఉంటుందని ముక్కు దగ్గర కూడా రెక్కలు పెడతారు. ఆ రాకెట్ తోక ముందుకి పెట్టుకుని ఎగరాలని చూస్తుంది, దాని బాధ అది పడుతుంది.

రెండూ కలిపితే

"ఘనమా, ద్రవమా" అని ఒకటే తేల్చుకోవాలన్న నియమం లేదు. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3నే చూడండి. నేల మీద వెలిగేవి రెండు ఎస్200 ఘన ఇంధన బూస్టర్లు మాత్రమే. మధ్యలోని ద్రవ ఇంజిన్లు, రెండు వికాస్‌లు, సుమారు 110 సెకన్ల తర్వాత గాలిలోనే వెలుగుతాయి. ఆ పైన మైలేజీ ఎక్కువ, థ్రస్ట్ తక్కువ ఉన్న క్రయోజెనిక్ దశ. కింద బలం, పైన మైలేజీ.

కెర్బల్‌లో దీని పేదవాడి రూపం: స్వివెల్ రాకెట్‌కి ఇరువైపులా రెండు హామర్ బూస్టర్లు. ఒక్కోటి 400 ధర, 3.56 టన్నులు. లిమిటర్ 50 శాతానికి దించినా మొత్తం టీడబ్ల్యూఆర్ 1.9 దాకా వస్తుంది. స్వివెల్ నెమ్మదితనం పోతుంది, తిరిగే నాజిల్ ఉంటుంది. బూస్టర్లు మండుతున్నంతసేపూ స్వివెల్ థ్రాటిల్ తగ్గించి ఇంధనం దాచుకోవచ్చు. ఒకటే ఇబ్బంది, కెరీర్ మోడ్ మొదట్లో ప్యాడ్ 18 టన్నులకి మించి ఒప్పుకోదు. ఈ రాకెట్ దాదాపు 20 టన్నులు అవుతుంది. ప్యాడ్ పెంచుకునేదాకా ఆగాలి, లేదా ట్యాంకు తగ్గించాలి.

మీరు ఎవరైతే ఏది

కెరీర్ మోడ్‌లో డబ్బుకి కటకటగా ఉండి, పైకెళ్లి కిందకొచ్చే చిన్న కాంట్రాక్టులు చేస్తుంటే థంపర్ చాలు. ఇంజిన్, ట్యాంకు, ఇంధనం అన్నీ కలిపి 850కే వచ్చేస్తాయి. కక్ష్యకి మాత్రం దాని మీద పందెం కాయొద్దు.

మొదటిసారి కక్ష్య అందుకోవాలనుకుంటే స్వివెల్ కింద, టెరియర్ పైన. మొత్తం 3,750 నుంచి 4,190 వస్తుంది, కొన్ని పొరపాట్లు చేసినా సరిపోతుంది.

కక్ష్య అలవాటై మన్ చుట్టి రావాలనుకుంటే రిలయంట్‌కి మారండి, పై దశలో ఇంధనం 4 టన్నులు చేయండి. మొత్తం 14.55 టన్నులు, ప్యాడ్ పరిమితి లోపలే. టీడబ్ల్యూఆర్ 1.44, డెల్టా-వీ 4,600 పైన. కక్ష్య దాటాక కనీసం 1,200 మిగులుతుంది, మన్ దాకా వెళ్లడానికి 860 చాలు. పై దశ టీడబ్ల్యూఆర్ 0.94కి తగ్గుతుంది కాబట్టి విడిపోయాక కాసేపు ముక్కు కొంచెం పైకే ఉంచాలి. దిగి రావాలంటే ఇది చాలదు. కక్ష్య నుంచి మన్ మీద దిగి తిరిగి రావడానికి సుమారు 2,650 కావాలి, అంటే ఇంకో దశ కలపాల్సిందే.

పది టన్నుల సరుకుతో డునా అంటే నెర్వ్. అది కొనే స్థోమత వచ్చేసరికి ఈ వ్యాసం మీకు అవసరం ఉండదు.

ఏది ఎంచుకున్నా లాంచ్ నొక్కే ముందు డెల్టా-వీ పట్టికని ఒకసారి నేల దగ్గరి ఒత్తిడికి మార్చి మొదటి దశ టీడబ్ల్యూఆర్ చూడండి, తర్వాత శూన్యానికి మార్చి పై దశ అంకె చూడండి. నేను మొదటిసారి చూసినట్టు శూన్యం అంకెలే చూసి మురిసిపోవద్దు. అక్కడే కుడివైపు దశల వరస కూడా ఉంటుంది. పారాచూట్ బొమ్మ ఇంజిన్ బొమ్మతో పాటు ఒకే గడిలో ఉందేమో చూసుకోండి. నా రెండో రాకెట్ ప్యాడ్ దాటి లేచింది, అదే క్షణంలో పారాచూట్ కూడా విచ్చుకుంది.